నెల్లీ వెనక్కి నడవదు

"చక్రాల మీది ఇంటిని కారు వెనక తగిలించి ఎక్కడికైనా లాక్కెళ్ళొచ్చు. నీ పడవని ఎక్కడికి తీసుకెళ్తావ్? నీళ్ళున్న చోటికేగా!" అన్నాడు మాల్కం, ఉడికిన గుడ్డు నెత్తిన చెంచాతో కొడుతూ.

"నీ కారవాన్ మాత్రం? రోడ్డున్న చోటికేగా," అంది లొరైన్, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"దేశమంతా రోడ్లున్నాయి."

"ఆ రోడ్ల నిండా కారవాన్లున్నాయి. పోయిన ఆగస్టులో ముందున్న కారవాన్ వీపు చూస్తూ నాలుగు గంటలు కూర్చున్నాం. దాని నంబరు నాకిప్పటికీ నోటికొచ్చు. చెప్పనా?"

మాల్కం వద్దన్నాడు.

ఈ వాదం మొదలై ఆ ఆదివారానికి తొమ్మిది రోజులు. అంతకుముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు అది లొరైన్ లోపలే సాగింది. ఆమె ఆ ఊరి బళ్ళో వంటమనిషి. రోజూ రెండొందల నలభై మంది పిల్లలకు వండేది. పన్నెండూ పదికి ఒక గంట మోగేది, పిల్లలు వచ్చి పడేవారు. పన్నెండూ యాభైకి ఇంకో గంట మోగేది, గిన్నెలు వచ్చి పడేవి. గిన్నెలు తోమే తొట్టి పైన ఒక కిటికీ, కిటికీ అవతల కాలువ. మోచేతుల దాకా సబ్బు నీళ్ళలో ఉన్నప్పుడు ఆ కిటికీలోంచి పొడవాటి సన్నటి నేరోబోట్ ఒకటి, మనిషి నడిచే వేగంతో, ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళేది. దాని వెనక నిలబడ్డ మనిషి ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో టీ కప్పు పట్టుకుని ఉండేవాడు. ఆ మనిషిని ఏ గంటా పిలిచేది కాదు. లొరైన్ రిటైరైనప్పుడు బడివాళ్ళు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. ఆమె దాన్ని అటక మీదకు ఎక్కించి, పాత పడవల ప్రకటనలు చదవడం మొదలుపెట్టింది.

మాల్కం ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కంపెనీలో టైంటేబుళ్ళు వేశాడు. గంటకు మూడు మైళ్ళు వెళ్ళేది అతని దృష్టిలో వాహనం కాదు, ఆగిపోయిన వాహనం.

"సరే, చూసొద్దాం," అన్నాడు చివరికి. "పదింటికి చూడ్డం, పదిన్నరకి బయల్దేరడం. ఒంటిగంటకి అమ్మ భోజనానికొస్తుంది. సరిగ్గా ఒంటిగంటకి బల్ల మీద ప్లేట్లు, ప్లేట్ల ముందు మనుషులు ఉండాలి. ఒక్క నిమిషం దాటిందా, రేపు పొద్దున్నే కారవాన్‌కి అడ్వాన్సు ఇచ్చేస్తా. మళ్ళీ ఈ ఇంట్లో పడవ మాట వినపడకూడదు."

"దాటకపోతే?"

"దాటకపోతే మాట్లాడుకుందాం."

"మాటలు తొమ్మిది రోజుల్నుంచీ ఆడుతున్నాం. దాటకపోతే పడవే."

మాల్కం ఒక్క క్షణం ఆలోచించాడు. భార్య సంగతి అతనికి తెలుసు. ఒక కుర్చీ కొనడానికి దుకాణంలో మూడు గంటలు కుర్చీని తిరగేసి చూసిన మనిషి. పడవలోకి దిగిందంటే అలమరాల్లోని మేకులు లెక్కపెట్టందే బయటకు రాదు.

"పడవే," అన్నాడు ధీమాగా.

లొరైన్ బీఫ్ రోస్ట్‌ను సన్నటి వేడి మీద ఓవెన్‌లో పెట్టి, కోటు తొడుక్కుంది.

పడవ యజమాని ఎర్నీ కోప్‌కు డెబ్భై ఎనిమిదేళ్ళు. భుజాల మీద పట్టీలున్న ప్యాంటు, మాట వినని మోకాళ్ళు. ఆడవాళ్ళందరినీ "తల్లీ" అని, మగవాళ్ళందరినీ "నాయనా" అని పిలుస్తాడు. గట్టు మీద మడత కుర్చీ వేసుకుని, వీళ్ళ కోసమే ఎదురుచూస్తున్నాడు.

పడవ పొడవు యాభై ఏడడుగులు, వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. రైల్లోని నడవాను కోసి నీళ్ళలో వదిలినట్టుంది. ముదురాకుపచ్చ రంగు మీద ఎర్రటి అక్షరాలతో 'నెల్లీ' అని రాసి ఉంది.

"పేరు మార్చుకోవచ్చా?" అని అడిగాడు మాల్కం, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"నీళ్ళలో ఉండగా పడవ పేరు మారిస్తే అరిష్టం నాయనా. పైగా అది మా ఆవిడ పేరు. పోయి ఏడాదిన్నరైంది."

మాల్కం టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

లోపల లొరైన్ ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ముందు భాగంలో బొగ్గు పొయ్యి, మడిచే బల్ల, గోడకు ఇత్తడి గడియారం, మంచం. మధ్యలో నలుగురు ఒకేసారి ఊపిరి పీల్చలేనంత వంటిల్లు. వెనక స్నానాల గది, ఆ వెనక ఇంజను. వంటింట్లో తొట్టి ఉంది. తొట్టి పైన కిటికీ ఉంది. లొరైన్ ఆ తొట్టి ముందు నిలబడి చేతులు రెండూ అందులో పెట్టి, కిటికీలోంచి బయటకు చూసింది. ఈసారి కిటికీ అవతల గట్టు మీద కుక్కను తిప్పుతున్న మనిషి ఆగి, ఆమెను చూశాడు.

"ఈ పెట్టేమిటి?" అన్న మాల్కం గొంతు స్నానాల గదిలోంచి వినిపించింది.

"టాయిలెట్ పెట్టె. నిండాక బయటికి లాగి, చేత్తో పట్టుకెళ్ళి, వంతెన దగ్గర పారబోసి కడుక్కొచ్చుకోవాలి," అన్నాడు ఎర్నీ.

"ఎవరు?"

"ఎవరి పడవైతే వాళ్ళు నాయనా."

మాల్కం భార్య వైపు తిరిగాడు. తన తరఫున ఇంకెవరో వాదించి గెలిచినట్టు వెలిగిపోతోంది అతని మొహం.

"కారవాన్‌లోనూ అదే పెట్టె," అంది లొరైన్. "నీ క్యాటలాగులో పదిహేడో పేజీ."

మాల్కం పదహారో పేజీ దాకానే చదివాడు.

ఎర్నీ ఇంజను వేశాడు. అది దగ్గి, గొంతు సవరించుకుని, టక్ టక్ మని నడక అందుకుంది. "కదిపి చూస్తావా తల్లీ? ఇదిగో, కింద మిల్లు దాకా వెళ్ళి తిప్పుకొచ్చేద్దాం."

"మిల్లెంత దూరం?" అన్నాడు మాల్కం గడియారం చూసుకుంటూ. పదీ ఇరవై.

"మైలున్నర నాయనా."

మైలున్నర అంటే అరగంట. రావడానికి ఇంకో అరగంట. పదకొండూ ఇరవైకి గట్టు, పదకొండున్నరకు ఇల్లు. టైంటేబుల్ మనిషికి ఇందులో లోపమేదీ కనిపించలేదు. సరేనన్నాడు.

"ఈతొచ్చా?" అన్నాడు ఎర్నీ.

"రాదు."

"మూడడుగుల లోతే అనుకో. అయినా ఇది తగిలించుకో." మాల్కం నీలం రంగు వానకోటు మీద ఎర్రటి లైఫ్ జాకెట్ ఎక్కింది. ఆ రోజు జరిగిన దాంట్లో సగానికి ఆ జాకెట్టే కారణమని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

చుక్కాని లొరైన్ చేతికిచ్చి ఎర్నీ పక్కన నిలబడ్డాడు. "ఎడంవైపు వెళ్ళాలంటే కర్రని కుడికి తొయ్యి. కుడికైతే ఎడమకి. అంతే తల్లీ, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు."

మాల్కం ముందు కొసన కాపలాగా నిలబడ్డాడు. పడవ వంద గజాలు బుద్ధిగా వెళ్ళింది. తర్వాత ఎడమ గట్టు మీద తెల్లగా విరగబూసిన ముళ్ళ పొద వైపు మొగ్గింది.

"కుడికి! కుడికి!" అని అరిచాడు మాల్కం.

లొరైన్ కర్రని కుడికి తోసింది. పడవ పూర్తిగా పొదలోకి వెళ్ళింది. యాభై ఏడడుగుల అవతల ఉన్న లొరైన్‌కు మొగుడు కనిపించలేదు, కొమ్మలు మాత్రం కదిలాయి. పొద వదిలేటప్పటికి మాల్కం నెత్తి మీద టోపీ లేదు, దాని బదులు పూలున్నాయి. టోపీ పడవ వెనక తాపీగా తేలుతోంది.

"ఆపండి! వెనక్కి పోనివ్వండి!" అంటూ అతను పడవ పైకప్పు మీదుగా పాక్కుంటూ వచ్చాడు.

"నెల్లీ వెనక్కి నడవదు," అన్నాడు ఎర్నీ. "రివర్సు వేస్తే ఆగుతుంది. మరీ బతిమాలితే దానికి నచ్చిన పక్కకి తిరుగుతుంది. వెనక్కి మాత్రం ససేమిరా. మా ఆవిడా అంతే."

"అయితే ఇక్కడే తిప్పేద్దాం."

"కాలువ ముప్ఫై అడుగులు. పడవ యాభై ఏడు. నువ్వు లెక్కల మనిషివని మీ ఆవిడ చెప్పింది నాయనా. నువ్వే చెప్పు."

మాల్కం ఆ గట్టు నుంచి ఈ గట్టుకు చూపుతో కొలిచాడు.

"మిల్లు దగ్గర గట్టు తవ్వి వెడల్పు చేశారు. తిప్పడం అక్కడే. మూడు లాకులు దాటాక. ఒక్కోదాంట్లో తలుపులు మూసి, నీళ్ళు వదిలి, పడవని ఒక మెట్టు కిందికి దించాలి."

"లాకులా! మీరు మైలున్నర అన్నారు!"

"నువ్వడిగింది దూరం," అన్నాడు ఎర్నీ, కాస్త నొచ్చుకుని. కాలువ మీద పుట్టి పెరిగిన మనిషి. మైళ్ళతో ప్రయాణాన్ని కొలిచేవాళ్ళుంటారని అతనికి ఊహలో కూడా లేదు.

మాల్కం మళ్ళీ లెక్క వేశాడు. దిగడానికి మూడు లాకులు, ఎక్కడానికి మూడు లాకులు. లాకుకు పావుగంట. వచ్చిన మొత్తం చూసి, అతని మొహం కోపంగా మొదలై, మెల్లగా తృప్తిగా మారింది. ఒంటిగంటకు ఇంటికి చేరడం జరగని పని. కారవాన్ ఖాయం.

"నెమ్మదిగానే పోనీ లొరైన్," అన్నాడు ఉదారంగా. "తొందరేముంది?"

ఆ గొంతు విన్నాక లొరైన్‌కు అంతా అర్థమైంది. ఆమె ఇంజను జోరు పెంచింది. గట్టుకు కట్టేసిన పడవల వరస పక్కనుంచి వెళ్తుండగా అలలకు అవన్నీ తలలూపాయి. ఒక కిటికీలోంచి చేతిలో టోస్టు ముక్కతో ఒక మొహం బయటకు వచ్చింది.

"నెమ్మదమ్మా! నా టీ అంతా నా ఒళ్ళోనే ఉంది!"

"క్షమించండి!" అని అరిచి జోరు తగ్గించింది. కాలువ మీద తొందరపడటం కుదరదని ఆమెకు అప్పుడు తెలిసింది. తొందరపడకుండా గెలిచే దారి ఏదైనా ఉందా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

మొదటి లాకు దగ్గర పైన మూడు పడవలు, కింద మూడు పడవలు ఆగి ఉన్నాయి. ఎండ కాసిన ఆదివారం మరి. లాకు నీళ్ళతో నిండుగా, తలుపు తెరిచి, దిగబోయే పడవ కోసం సిద్ధంగా ఉంది. అయినా ఎవరూ కదలడం లేదు.

"మీరు కానివ్వండి," అంటోంది పైన ఎర్ర పడవలోని ఆవిడ.

"అబ్బే, మీరే ముందొచ్చారు," అంటున్నాడు కింది ఆకుపచ్చ పడవ పెద్దమనిషి.

"మాకేం తొందర లేదండీ."

"మాకు అసలే లేదు."

"ఎంతసేపట్నుంచి ఇలా?" అని లొరైన్ ఎర్నీని అడిగింది.

"ఆ పెద్దమనిషి టీ తాగడం అయిపోయినట్టుంది. పది నిమిషాలై ఉంటుంది."

ఎర్నీ మోకాళ్ళు లాకులు తిప్పడానికి పనికిరావు కాబట్టి ఇనుప హ్యాండిల్ మాల్కం చేతికిచ్చి గట్టు మీదికి పంపాడు. మాల్కంకు ఆలస్యమైతే లాభం. కానీ ఒక్క పడవా లేని లాకునూ, ఆగిపోయిన ఆరు పడవలనూ చూసి ఊరుకోవడం అతని రక్తంలో లేదు. రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. మూడో నిమిషంలో చెయ్యెత్తాడు.

"ఎర్ర పడవ దిగాలి. అది బయటికి రాగానే ఆకుపచ్చ పడవ ఎక్కాలి. తర్వాత పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి. లోపల పడవ లేకుండా తలుపు ఒక్కసారి కూడా మూయొద్దు. కదలండి!"

అక్కడున్న అందరికీ ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు. పైకి చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నారు. ఇప్పుడు నీలం కోటు, ఎర్ర జాకెట్, చేతిలో హ్యాండిల్ ఉన్న మనిషి చెప్పేసరికి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సెలవు రోజుల్లో లాకుల దగ్గర సాయం చేసే వాలంటీర్లు సరిగ్గా ఇలాగే ఉంటారు.

"హమ్మయ్య, వచ్చారు," అంది ఎర్ర పడవ ఆవిడ. "రెండో లాకు దగ్గర కూడా ఎవరూ లేరండీ. అక్కడికీ వస్తారుగా?"

"వస్తాను," అన్నాడు మాల్కం. తూములు ఎత్తించాడు. నీళ్ళు హోరుమన్నాయి. అతని గుండెల్లో కూడా ఏదో హోరుమంది. రిటైరయ్యాక అతను చెప్పింది చెప్పినట్టు ఎవరైనా చెయ్యడం అదే మొదటిసారి.

లొరైన్ ఫోను తీసి కూతురికి చేసింది. పదకొండూ నలభై.

"హెదర్, నానమ్మని ఎక్కించుకుని మనింటికి వెళ్ళు. ఓవెన్‌లో బీఫ్ ఉంది. బంగాళాదుంపలు నీళ్ళలో ఉన్నాయి, వాటిని పెద్ద మంట మీద వేయించు. అన్నీ కార్లో పెట్టుకుని ఒంటిగంటకి పావుగంట ముందు మిల్లు దగ్గరికి రా."

"అమ్మా, నేను మాంసం మానేసి రెండేళ్ళైంది."

"నిన్ను తినమన్లేదు. మోసుకురమ్మన్నా."

"ఇంట్లో తినొచ్చుగా? నాన్నేమంటాడు?"

"ఒంటిగంటకి బల్ల మీద ప్లేట్లుండాలన్నాడు మీ నాన్న. ఏ బల్లో చెప్పలేదు."

"అమ్మా, నువ్వు నిజంగానే ఈ పడవ కొనాలనుకుంటున్నావా?"

"గిన్నెలు తోముతూ ముప్ఫై ఒక్క ఏళ్ళు బయటికి చూశాను హెదర్. ఒక్కసారి బయట్నుంచి లోపలికి చూడాలనుంది."

"గ్రేవీ గిన్నె ఎక్కడుంది?" అంది హెదర్.

రెండో లాకు దగ్గరికి మాల్కం పడవ ఎక్కకుండా గట్టు వెంబడి నడిచే వెళ్ళాడు. అక్కడ ఐదు పడవలు అతని కోసం ఎదురుచూస్తున్నాయి. మాట ముందే పాకింది. ఒకాయన తాడు ముడి చూపించి సలహా అడిగాడు. ఇంకొకావిడ బాతులు తన పూలకుండీలు తినేస్తున్నాయని ఫిర్యాదు చేసింది. మాల్కం పాత రసీదు వెనక పడవల పేర్లు, టైములు రాసుకుని, వాటి పక్కన బాతుల సంగతి కూడా రాసుకున్నాడు.

మూడో లాకు దగ్గర అసలు వాలంటీరే ఉంది. బ్యాడ్జీ, నీలం కోటు, ఎర్ర జాకెట్. అరవై దాటిన మనిషి, పొద్దుటి నుంచీ ఒంటరిగా తిప్పీ తిప్పీ అలిసిపోయి ఉంది. మాల్కంను పైనుంచి కిందికి చూసింది.

"కొత్తగా వేశారా మిమ్మల్ని? నాకెవరూ చెప్పలేదు. మా ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ ఇంతే."

మాల్కం నోరు తెరిచాడు. ఆమె ఆ నోట్లో బిస్కెట్ పెట్టినంత పని చేసింది. "ఇవి తింటూ ఉండండి. పొద్దున ఏడింటికి తిన్నదే నేను. ఒంటిగంటకల్లా వచ్చేస్తా, అప్పటిదాకా మీరు కదలకండి. మాటివ్వండి."

ముప్ఫై నాలుగేళ్ళు డ్యూటీ చేసిన మనిషి, డ్యూటీ మారే వేళ ఇంకో మనిషి చెయ్యి చాపితే ఏం చేస్తాడు? మాటిచ్చాడు.

నెల్లీ మూడో లాకులోకి వచ్చేసరికి లొరైన్ చుక్కాని దగ్గర లేదు. ఎర్నీ నడుపుతున్నాడు. ఆమె వంటింట్లో ఎర్నీ గుడ్లు, ఎర్నీ పిండి, ఎర్నీ పాలు కలిపి, మరుగుతున్న నూనె ఉన్న గుంటల పళ్ళెంలో పోసి, బీఫ్‌తో తినే యార్క్‌షైర్ పుడ్డింగ్‌లు ఓవెన్‌లో పెట్టింది. పుడ్డింగ్ పొంగుతున్నప్పుడు ఓవెన్ తలుపు తెరిస్తే అంతా కూలిపోతుంది. ఆమె తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

తూములు తెరుచుకున్నాయి. కిటికీలోంచి ఆకాశం పోయి తడి గోడ వచ్చింది. పడవ ఎనిమిదడుగులు కిందికి దిగుతోంది, పుడ్డింగ్‌లు పైకి పొంగుతున్నాయి. పడవ గోడకు గుద్దుకుంది. లొరైన్ కళ్ళు మూసుకుంది. వీపు మాత్రం కదపలేదు.

హెదర్ కారు మిల్లు దగ్గర ఆగింది. ఆగకూడని గట్టున. పడవ ఆగే ఒడ్డు అవతల ఉంది, వంతెన అర మైలు దూరం. దగ్గర్లో దాటడానికి ఉన్నదల్లా లాకు తలుపుల మీద వేసిన సన్నటి చెక్క ఒక్కటే.

పైన రెండు పడవలను సర్దుతున్న మాల్కం, తలుపు మీదికి ఎవరో ఎక్కుతున్నారని ఓరకంట చూశాడు. "ఒక్కొక్కరే రావాలి. రెయిలింగ్ పట్టుకోండి మేడమ్. కింద చూడకండి," అన్నాడు రసీదులోంచి తల పూర్తిగా ఎత్తకుండా.

"మేడమేంట్రా, నేను మీ అమ్మని," అంది ఈనిడ్.

మాల్కం తలెత్తాడు. ఎనభై నాలుగేళ్ళ తల్లి, ఆదివారం టోపీతో, ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో మూత బిగించిన గ్రేవీ గిన్నె పట్టుకుని నీళ్ళ మీద నిలబడి ఉంది. వెనక హెదర్, మొహం పక్కకు తిప్పుకుని, తువ్వాల్లో చుట్టిన బీఫ్‌ను పసిపిల్లలా ఎత్తుకుని ఉంది.

"అమ్మా! నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?"

"భోజనానికొచ్చా. ఎనిమిది నిమిషాలుంది. నువ్వు రావా?"

మాల్కం పైకి చూశాడు. ఒక పడవ లాకులో సగం దిగి ఉంది. బ్యాడ్జీ ఉన్నావిడ జాడ లేదు. "ఇదొక్కటి దాటించి వస్తా. మాటిచ్చాను," అన్నాడు. అంటున్నప్పుడే, ఒంటిగంట దాటించబోయేది తనేనని అతనికి తెలిసొచ్చింది.

మిల్లు ముందు పడవ కట్టేశారు. మడత బల్ల విప్పారు. బల్ల మీద ఐదు ప్లేట్లు. ఎర్నీ ఇత్తడి గడియారంలో సరిగ్గా ఒంటిగంటకు, లొరైన్ పుడ్డింగ్‌లు తెచ్చి పెట్టింది. ఒక్కటి కూడా కూలలేదు. నలుగురు మనుషులు, ఒక ఖాళీ కుర్చీ.

మాల్కం ఒంటిగంటా నాలుగు నిమిషాలకు పడవలోకి దిగాడు. జుట్టులో ఇంకా పూలున్నాయి.

అతను కూర్చున్నాడు. గడియారం చూశాడు. భార్యను చూశాడు. ఒక్క నిమిషం దాటితే కారవాన్ అన్నది అతనే. దాటించిందీ అతనే. నోరు విప్పితే గెలుపు తనదే. లొరైన్ గరిట చేత్తో పట్టుకుని, ఏం అంటాడో అని అతని పెదాల వైపే చూస్తోంది.

"నియమం ప్రకారమైతే..." అని మొదలుపెట్టాడు.

"ఒక సంగతి చెప్పు," అంది ఈనిడ్. "బస్సు టైముకొచ్చింది. ప్రయాణికుడు నాలుగు నిమిషాలు లేటుగా వచ్చాడు. తప్పెవరిది?"

మాల్కం ఫోర్కు కింద పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఈ ప్రశ్నకు వందల ఉత్తరాల్లో జవాబు రాశాడు.

"ప్రయాణికుడిది," అన్నాడు నీరసంగా.

లొరైన్ అతని ప్లేట్లో రెండు పుడ్డింగ్‌లు వేసింది. తర్వాత ఎర్నీ వైపు తిరిగింది. "ఎర్నీ గారూ, పడవ మేం తీసుకుంటున్నాం."

ఎర్నీ మూడో పుడ్డింగ్ నములుతున్నాడు. తాపీగా మింగాడు. పెదాలు తుడుచుకున్నాడు.

"నేను అమ్మట్లేదు తల్లీ."

హెదర్ చేతిలోని గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మాలనుకుంది ఈ మోకాళ్ళ వల్ల. లాకులు ఒంటరిగా తిప్పలేను. ఏడాదిన్నరగా నెల్లీ కట్టు తాడు విప్పలేదు. ఈ బల్ల మీద ఒక్క ప్లేటే పెట్టుకుంటున్నా," అన్నాడు బల్లను అరచేత్తో రాస్తూ. "ఈ రోజు మూడు లాకులు దిగాం. ఐదు ప్లేట్లు పెట్టాం. ఇప్పుడు అమ్మమంటే చేతులు రావట్లేదు. తప్పు నాదే, తిట్టు."

లొరైన్ తిట్టలేదు. కిటికీలోంచి కాలువ వైపు చూసింది. తొమ్మిది రోజులు, ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక ముళ్ళ పొద, ఎనిమిదడుగుల లాకులో కూలని పుడ్డింగ్‌లు. ఇంతా చేసి ఇక్కడ ఆగడానికి ఆమె సిద్ధంగా లేదు. గరిట బల్ల మీద పెట్టింది.

"అమ్మొద్దు. సగం అమ్మండి."

"సగమా?"

"మీకు లాకులు తిప్పే మనుషులు కావాలి. నాకు ముళ్ళ పొదలో పడకుండా నడపడం నేర్పే మనిషి కావాలి. సగం మీది, సగం మాది. వారాంతాల్లో కలిసి తిరుగుదాం. పేరు మార్చం."

ఎర్నీ గోడ మీది గడియారం వైపు చాలాసేపు చూశాడు. "నెల్లీ అయితే ఒప్పుకునేదే," అన్నాడు చివరికి. "ఆవిడకి మనుషులంటే ఇష్టం. నేనే వద్దనేవాణ్ణి."

అందరూ మాల్కం వైపు చూశారు. మాల్కం వాళ్ళ వైపు చూడటం లేదు. రసీదు వెనక్కి తిప్పి, బాతుల ఫిర్యాదు కింద మిగిలిన చోట ఏదో రాసుకుంటున్నాడు. బయట లాకు దగ్గర ఎవరో "మీరు కానివ్వండి" అంటున్నారు, ఇంకెవరో "అబ్బే, మీరే" అంటున్నారు. అతని పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది.

"బ్యాడ్జీ ఆవిడ వచ్చే శనివారం కూడా రమ్మంది," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చేతి రుమాలుతో పెదాలు అద్దుకుని, గొంతు పెంచకుండా అన్నాడు. "అమ్మా, హెదర్, ఒక మాట. రేపు కారవాన్ వాళ్ళకి రావట్లేదని చెప్పేస్తా. కాకపోతే ముందు పడవని నీళ్ళలోంచి పైకి తీసి, అడుగు రేకు సుత్తితో కొట్టి చూపించాలి. అడుగు బావుంటే మేం సగం పడవ కొంటున్నాం."

లొరైన్ అతని జుట్టులోని ఒక పువ్వు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏ సగం?" అంది ఈనిడ్, గ్రేవీ వంచుకుంటూ.

"ముందు సగం నాకుండనివ్వండమ్మా," అన్నాడు ఎర్నీ. "పొయ్యి, మంచం అలవాటైపోయాయి. వంటిల్లు అందరిదీ. వెనక సగం వాళ్ళది. చుక్కాని, ఇంజను, మిగతావన్నీ."

మాల్కం ఉదారంగా తల ఊపాడు. స్నానాల గదీ, అందులోని పెట్టె పడవలో ఏ వైపు ఉన్నాయో గుర్తు చేసుకోవాలని అప్పటికి అతనికి తట్టలేదు.